జల్లెడలో ఆగిన మాట

పోయినవారం వదినా ఆడపడుచుల పోట్లాట ఎక్కడ ఆగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఇవాళే మొదటిసారి ఈ పేజీ తిప్పినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. పిల్లలు తాము వేసిన బొమ్మలు పెట్టుకుని కబుర్లు చెప్పుకునే సైటు ఒకటుంది. దానికి కాపలా మన జల్లెడక్క. పేరు ఆఫీసువాళ్ళు పెట్టింది. పిల్లలకు కీడు చేసే మాట కనబడితే చాలు, ఠక్కున ఆపేసే యంత్రం ఒకటి ఆమె దగ్గరుండి తయారుచేయించింది. ఆ యంత్రం జల్లెడ. అందులో ఆగిపోయిన రాతలన్నీ వెళ్ళి పడేది తవుడు పెట్టెలో. ఇలాంటి జల్లెడ ప్రతి సైటుకీ తప్పనిసరి చేస్తూ చట్టం తెస్తారట. దాని మీద ఒక కమిటీ ముందు విచారణ ఇవాళ మధ్యాహ్నమే. చట్టం కావాలని చెప్పబోయేది జల్లెడక్క. వద్దని వాదించబోయే వకీలు ఎవరో పరాయి మనిషి కాదు, స్వయానా ఆమె అన్నగారి భార్య. ఒకే ఇంట్లో పై వాటా వాళ్ళది, కింది వాటా వీళ్ళది. "పిల్లల నోళ్ళు నొక్కేస్తున్నారు, ఆ తవుడు పెట్టె తెరిచి చూపించండి" అని వదిన పట్టుబట్టింది. ఏ పిల్ల ఎవరో బయటపడకుండా చూపించమని కమిటీవారు ఉత్తర్వు ఇచ్చారు. అన్నగారు మాత్రం ఎవరి పక్షం వహించినా ఇంకొకరి చేతిలో అయిపోతాడు కాబట్టి పొద్దున్నే పంటినొప్పి వంక పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

అదిగో, సరిగ్గా అక్కడే వదిలాం.

ఆఫీసులో మీటింగు గది అద్దాలతో కట్టింది. లోపల ఎవరు ఎవర్ని తిడుతున్నారో బయటివాళ్ళకు వినబడదు గానీ చక్కగా కనబడుతుంది. ఒక కుర్చీలో కూర్చుంటే ఏసీ గాలి తిన్నగా మెడమీదే కొడుతుంది. ఆ కుర్చీ తప్పించుకోవడం ఆఫీసులో అందరికీ అలవాటు. జల్లెడక్క కావాలనే వదినకు ఆ కుర్చీయే చూపించింది.

"కూర్చో వదినా. కాఫీ తాగుతావా?"

"విషం కలపలేదు కదా?"

"ఇంకా లేదు. నువ్వు మాట్లాడేదాన్ని బట్టి చూస్తాను."

వదిన నల్లకోటు కుర్చీ వీపుకి తగిలించి, మెడమీద గాలి తగలగానే సంగతి గ్రహించి, చీర కొంగు నిండుగా కప్పుకుని దర్జాగా కూర్చుంది. "నీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. సరే, తెరువు నీ తవుడు."

జల్లెడక్కకు లోపల ధైర్యంగానే ఉంది. ఆ పెట్టె ఇంతవరకు ఎవరూ తెరవలేదు. ఆగిన రాతలను ఆఫీసువాళ్ళు చదవకూడదని రూలు. పిల్లల రహస్యాలు పెద్దవాళ్ళకి కాలక్షేపం కాకూడదని అప్పట్లో కోర్టుకెక్కి మరీ ఆ రూలు పెట్టించింది వదినే. ఇప్పుడు తానే తెరిపిస్తోంది. తెరిస్తే ఏముంటుంది, చెత్త ఉంటుంది. ఆ చెత్త చూసి వదిన నోరు మూతపడుతుంది. జల్లెడక్క లెక్క అది.

మొదటి రాత చూడగానే ఆ లెక్క కాస్త తప్పింది.

"ఎవరికీ చెప్పొద్దు. అమ్మ పుట్టినరోజుకి కేకు బీరువాలో దాచాను," అని ఎవరో పిల్లవాడు స్నేహితుడికి రాసుకున్నాడు. ఆగిపోయింది. "రేపు లెక్కల సారు నన్ను చంపేస్తారు," అని ఇంకొకరు. అదీ ఆగిపోయింది. ఆకులు రాలిపోయిన చెట్టు గురించి ఒక చిన్నది పాట కట్టింది. 'బట్టలు విప్పేసి చలికి వణికే చెట్టూ' అని మొదలుపెట్టింది పాపం. యంత్రం ఆ మాట దాటనివ్వలేదు.

వదినకి నవ్వు ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. "చివరికి చెట్టుకి కూడా చీర కట్టించావా తల్లీ! ఇవాళ కమిటీ ముందు ఈ పాట రాగం తీసి పాడతాను చూడు."

"పాడు పాడు. ముందు ఇది కూడా చదివి పాడు." జల్లెడక్కకు ఒళ్ళు మండి పేజీ కిందికి జరిపింది. అక్కడ ఎవరో పెద్దవాడు పిల్లవాడి వేషం వేసుకుని రాసిన రాతలున్నాయి. నీ వయసెంత, ఇంట్లో ఎవరున్నారు, ఒక ఫొటో పంపు, ఎవరికీ చెప్పొద్దు. ఒక పిల్లకి రాసింది ఆగిపోతే ఇంకో పిల్లకి, అవే మాటలు, అదే వరస. ఒక్కటీ పిల్లల దాకా వెళ్ళలేదు. అన్నీ జల్లెడలోనే ఆగాయి.

వదిన నవ్వు ఆగిపోయింది. అన్నీ చదివింది. "వెధవ," అంది చివరికి. కోర్టులో ఆమె ఆ మాట ఎప్పుడూ అనదు.

"చూశావా? నేను ఊరికే నోళ్ళు నొక్కడంలేదు వదినా."

"చూశాను. కాదనను. అయినా చెట్టు చెట్టే." పట్టు వదిలే మనిషి కాదు కదా. వేలు చాపి తెర పక్కన ఉన్న చిన్న గుర్తు చూపించింది. "ఇదేమిటి? 'సాయం కిటికీ' అని ఉంది. ఇది పిల్లలు మీకు రాసుకునే చోటు కాదూ? దానికి కూడా తవుడేమిటి?"

"దానికి ఉండదు," అంది జల్లెడక్క. అన్నాక నాలుక కరుచుకుంది. ఉంటుంది. ఆ మధ్య పోకిరీలెవరో సాయం కిటికీ నిండా బూతులు రాసి పోశారు. అక్కడ పనిచేసే కొత్తమ్మాయిలు ఏడ్చుకుంటూ వచ్చి చెప్పారు. "ఆ గుమ్మానికి కూడా జల్లెడ కట్టేయండి" అని ఆర్డరు వేసింది తనే. పిల్లలను బయటివాళ్ళ నుంచి కాపాడే జల్లెడను, పిల్లలకూ తనకూ మధ్యన కట్టించింది. ఆ తర్వాత దాని సంగతే మరిచిపోయింది.

ఆ గుర్తు నొక్కింది. బూతులు చాలానే ఉన్నాయి. వాటి మధ్యన ఒకే పేరు మళ్ళీ మళ్ళీ కనబడింది. ఆ సైటులో పిల్లలు సొంత పేర్లు వాడరు. ఈ పిల్ల పెట్టుకున్న పేరు పెన్సిలుముక్క.

"మా రన్నింగ్ కోచ్ నన్ను ఫొటోలు పంపమంటున్నారు. మామూలువి కాదు. ఎవరికీ చెప్పొద్దు అన్నారు. చెప్తే తమ్ముణ్ణి టీమ్ లోంచి తీసేస్తారంట. నేనేం చెయ్యాలి?"

దాని కింద యంత్రం ఇచ్చిన జవాబు ఎర్రటి అక్షరాల్లో ఉంది. "ఈ సందేశం నియమాలకు విరుద్ధం. ఇలాంటివి మళ్ళీ రాస్తే నీ ఖాతా మూసేస్తాం." ఆ రెండు వాక్యాలూ జల్లెడక్క స్వయంగా కూర్చుని రాసినవే. మెత్తగా రాస్తే వెధవలు భయపడరని గట్టిగా రాసింది.

కింద మళ్ళీ ఆ పిల్లే. "సారీ. ఏ మాట తప్పో నాకు తెలీలేదు. ఫొటోలు అనకూడదేమో. తీసేశాను. మా కోచ్ నన్ను కొన్ని అడుగుతున్నారు. ఎవరికీ చెప్పొద్దు అన్నారు." మళ్ళీ ఎర్రక్షరాలు.

"సారీ అండీ. కోచ్ అని రాయకూడదేమో. ఒకాయన అని రాస్తున్నాను. ఒకాయన ఎవరికీ చెప్పొద్దు అన్నారు. నాకు భయంగా ఉంది." మళ్ళీ ఎర్రక్షరాలు.

మాట తర్వాత మాట తీసేసుకుంటూ పోయింది ఆ పిల్ల. ఎవరికీ చెప్పొద్దు అన్న ముక్క ఒక్కటే తీయలేదు. ఆ పిల్లను ఎక్కువ భయపెట్టింది అదే గనక. జల్లెడ పట్టుకుంటున్నదీ దాన్నే.

జల్లెడక్క ఆ పేరు దగ్గర ఆగింది. ఈ పేరు తను ఎక్కడో చూసింది. మామూలు పెట్టె తెరిచి వెతికింది. దొరికింది. జల్లెడ దాటి తన దాకా వచ్చిన పెన్సిలుముక్క రాత ఒకే ఒక్కటి. "ఏమీ లేదండీ. బాగానే ఉన్నాను. థాంక్యూ." దానికి తనే స్వయంగా జవాబు రాసింది. "భలే! నువ్వు బాగుంటే మాకూ సంతోషం. బొమ్మలు వేస్తూ ఉండు!" పక్కన ఒక నవ్వు మొహం కూడా పెట్టింది.

ఆ నవ్వు మొహం చూసి జల్లెడక్క రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరుమంది. అద్దాల గది అని కూడా చూసుకోలేదు. బయట టైపు చేస్తున్నవాళ్ళు చేతులు ఆపేసి చూశారు.

"నేనే వదినా. ఆ పిల్ల గొంతు పిసికేశాను."

"నువ్వొక్కదానివే ఏమిటి?" అంది వదిన. "ఆగినవి ఎవరూ చదవకూడదని రూలు పెట్టించిందెవరు? నేను కాదూ? నువ్వు తలుపు వేశావు, నేను తాళం వేశాను. ఆ పిల్ల బయట నిలబడి తలుపు కొడుతూ ఉండిపోయింది." లేచి వచ్చి ఆడపడుచు వీపు మీద చెయ్యి వేసింది. "ఏడుపు తర్వాత ఏడుద్దాం, ఇద్దరం కలిసి. ముందు దానికి రాయి. ఊరూ పేరూ ఏమన్నా ఉన్నాయా?"

"లేవు. పిల్లల వివరాలు అడగకూడదని కదా..." అని ఆగింది.

"అనేసెయ్. అది కూడా నేను పెట్టించిందే. సరే, ఉన్నది ఈ కిటికీ ఒక్కటే. ఇందులోంచే పిలుద్దాం."

రాయడం మొదలుపెడితే తెలిసింది, అదెంత కష్టమో. వదిన చెప్పే వాక్యం ఎక్కడ మొదలైందో మరిచిపోయేంత పొడుగ్గా ఉంటుంది. జల్లెడక్క రాసేది ఆఫీసు నోటీసులా ఉంటుంది. "చదవాల్సింది పిల్ల, జడ్జి కాదు," అని జల్లెడక్క కసురుకుంది. "నువ్వు మాత్రం? కరెంటు కట్ చేస్తామన్నట్టు రాస్తున్నావు," అని వదిన దెప్పింది. చివరికి ఇద్దరూ ఒప్పుకోదగ్గ నాలుగు మాటలు కుదిరాయి. "నువ్వు రాసినవన్నీ ఇవాళ చదివాం. అన్నీ నమ్ముతున్నాం. ఎవరికీ చెప్పొద్దు అనడం ఆయన తప్పు, నీ తప్పు ఏమీ లేదు. మేం ఇక్కడే ఉన్నాం."

పంపు అన్న గుర్తు నొక్కింది జల్లెడక్క.

ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఈ సందేశం నియమాలకు విరుద్ధం. ఇలాంటివి మళ్ళీ రాస్తే నీ ఖాతా మూసేస్తాం.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ చెప్పొద్దు అన్న ముక్క తీసేసి పంపొచ్చు. కానీ పిల్ల తిరిగి రాస్తే? మళ్ళీ ఆగిపోతుంది. ఇంకోసారి ఆగితే ఖాతా నిజంగానే మూతపడుతుంది. సాయం కిటికీకి కట్టిన జల్లెడ విప్పాల్సిందే. విప్పాలంటే రెండు పాస్‌వర్డులు కావాలి. ఒకటి జల్లెడక్కది, రెండోది ఆఫీసు డైరెక్టరుగారిది.

డైరెక్టరుగారు పిలవకుండానే వచ్చారు. విచారణకి వెళ్ళడానికి కొత్త కోటు వేసుకుని, సెంటు కొట్టుకుని తయారై ఉన్నారు. "కారు కింద రెడీగా ఉందమ్మా. ఇంకా కూర్చున్నారేం?" అని, ఇద్దరి కళ్ళూ చూసి, గదిలోకి వచ్చి తలుపు వేశారు.

జల్లెడక్క తెర ఆయన వైపు తిప్పింది. ఆయన నిలబడే చదివారు. చదువుతూ చదువుతూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చెడ్డ మనిషి కాదాయన. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. అయినా ఆయన నోటివెంట మొదట వచ్చింది ఆఫీసు మాటే.

"చాలా బాధగా ఉందమ్మా. సాయంత్రం రాగానే ఇద్దరం కూర్చుని సరిచేద్దాం."

"ఇప్పుడే చెయ్యాలి సార్."

"ఇప్పుడెలా? ఇంకాసేపట్లో కమిటీ ముందు జల్లెడ నడిపి చూపించాలి. ఇప్పుడు వేలు పెట్టి అది కాస్తా తడబడితే అందరిముందూ నవ్వులపాలవుతాం. చట్టం మూలపడుతుంది. రేపటి నుంచి ఆ ఫొటోలు అడిగేవాళ్ళందరికీ తలుపులు బార్లా తెరిచినట్టే. ఒక్క పిల్ల కోసం మిగతా పిల్లలందర్నీ గాలికి వదిలేద్దామా? ఆలోచించు. ఈ ఒక్కపూట ఓపిక పట్టు. అందాకా ఈ సంగతి..." ఆయన వదిన వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు."



"సార్," అంది జల్లెడక్క. ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపు కూడా పోయింది. "ఈ మాట అనేవాణ్ణి పట్టుకోడానికే కదా సార్, మనం జల్లెడ తయారుచేసింది."

డైరెక్టరుగారి మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. కోటు గుండీ విప్పుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆవిడ ఊరుకుంటారా?" అన్నారు వదినను చూపిస్తూ, చిన్నపిల్లాడు ఫిర్యాదు చేసినట్టు. "ఇది పట్టుకుని అక్కడ మనల్ని ఉతికి ఆరేస్తారు."

"ఆరేస్తాను," అంది వదిన. "పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఇలాంటిది ఒక్కటి దొరికితే చాలు, గెలిచేస్తాననుకున్నాను. దొరికింది. ఇది చదివి వినిపిస్తే ఇవాళే చట్టం చెత్తబుట్టలో పడుతుంది, జల్లెడ కూడా దాంతోపాటే పడుతుంది. తర్వాత? ఇందాక చదివాను కదండీ, వాడెవడో ఒక పిల్ల తర్వాత ఒక పిల్లకి రాస్తూ పోయాడే, వాడు రేపు పొద్దున్నే మీ గుమ్మం దాటి లోపలికొస్తాడు. అలాంటి గెలుపు నాకొద్దు." కోటు తీసి భుజాన వేసుకుంది. "మేమిద్దరం కలిసి వెళ్తాం. జరిగింది జరిగినట్టు చెబుతాం. పరాయివాళ్ళు పిల్లలకి రాసేదానికి జల్లెడ ఉండాలి. అది మా ఆడపడుచు మాట, నేను ఒప్పుకుంటున్నాను. పిల్లలు సాయం అడుగుతూ రాసేదాన్ని మాత్రం ఏ యంత్రమూ ఆపకూడదు, మనిషి కూర్చుని చదవాల్సిందే. అది నా మాట, తను ఒప్పుకోవాలి."

"ఒప్పుకున్నాను," అంది జల్లెడక్క. "చెట్టు పాట కూడా వదిలేస్తాను, పో."

డైరెక్టరుగారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన ఇద్దరు కూతుళ్ళూ ఆ సైటులోనే బొమ్మలు పెడతారని గుర్తొచ్చిందో ఏమో, ఉన్నట్టుండి కుర్చీ ముందుకు లాక్కుని పాస్‌వర్డు కొట్టారు. తప్పు పడింది. చేతులు తుడుచుకుని మళ్ళీ కొట్టారు. ఈసారి పడింది. జల్లెడక్క తనదీ కొట్టింది. సాయం కిటికీకి కట్టిన జల్లెడ ఊడి పడింది.

అదే ఉత్తరం మళ్ళీ పంపింది. వెళ్ళింది.

ఇవాళ బళ్ళకు సెలవు. పిల్ల ఇంట్లోనే ఉండొచ్చు, ఫోను చూడొచ్చు, చూడకపోవచ్చు. ఇన్నిసార్లు తిట్టించుకున్నాక మళ్ళీ ఈ కిటికీ వైపు వస్తుందన్న నమ్మకం ఏమిటి? ముగ్గురూ తెర చుట్టూ తలలు దగ్గరపెట్టి కూర్చున్నారు. కింద కారు డ్రైవరు ఫోన్ చేశాడు, డైరెక్టరుగారు కట్ చేశారు. కమిటీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, వదిన ఎత్తింది. "వస్తున్నాం. కాస్త ఆలస్యమవుతుందని కమిటీ పెద్దగారికి చెప్పండి. రెండు పక్షాలవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారని కూడా చెప్పండి, సంతోషిస్తారు," అని పెట్టేసింది.

తెరమీద చిన్న చుక్కలు కదిలాయి. అవతల ఎవరో రాస్తున్నారు. ఆగిపోయాయి. మళ్ళీ కదిలాయి.

"మీరు మనిషా, మిషనా?"

జల్లెడక్క ప్రాణం లేచివచ్చింది. గబగబా కొట్టింది. "మనుషులమే. నేనూ మా వదినా. ఇందాక ఇద్దరం పోట్లాడుకున్నాం కూడా."

"అదెందుకే ఇప్పుడు?" అంది వదిన.

"మిషన్లు పోట్లాడుకోవు కదా వదినా. నమ్ముతుంది."

నమ్మింది. ఈసారి చుక్కలు ఆగలేదు.

"అయితే తొందరగా చెప్పండి. కోచ్ కింద కారులో ఉండి హారన్ కొడుతున్నారు. రోజూ తమ్ముణ్ణి కూడా తీసుకెళ్తారు. ఇవాళ నన్నొక్కదాన్నే రమ్మన్నారు. వెళ్ళనా, వద్దా?"

"వెళ్ళొద్దు." అంతే కొట్టి పంపేసింది జల్లెడక్క. ఆ తర్వాత మిగతాది. "తలుపు గడియ పెట్టు. తమ్ముణ్ణి నీ దగ్గరే ఉంచుకో. అమ్మకి ఫోన్ చేసి వెంటనే రమ్మను. అమ్మ వచ్చేదాకా ఎవరు పిలిచినా తలుపు తీయొద్దు. నేను ఈ కుర్చీలోంచి లేవను."

పక్కన వదిన అప్పటికే పిల్లల రక్షణ అధికారికి ఫోన్ కలిపి, ఆయన చేత బండి తీయిస్తోంది. "అడ్రసు చెబుతాను, లైనులోనే ఉండండి. లేదండీ, ఇంకా నాకూ తెలీదు. పిల్లే చెప్పాలి. చెబుతుంది." డైరెక్టరుగారు ఆ చల్లటి గాలిలోనూ చెమట తుడుచుకుంటున్నారు.

తెరమీద ఏమీ లేదు. జల్లెడక్క రెప్ప వేయకుండా చూసింది. ఏమీ లేదు. తర్వాత ఒక్కసారిగా వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి.

"గడియ పెట్టాను."

"అమ్మ బయల్దేరింది. ఏడుస్తోంది, కానీ నన్ను తిట్టలేదు."

"హారన్ ఆగిపోయింది. మెట్లమీద చప్పుడవుతోంది. ఆయనే అనుకుంటా. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు."

"మా అడ్రసు చెప్తాను. ఆయన పేరు కూడా చెప్తాను. ఈసారి ఆపెయ్యరు కదా?"